దిండ్ల గోడకు ఇవతల

సోమవారం

రాయమ్మా కోడలా. నా తోటికోడలు నాకు చేసిన అన్యాయం మొదటి నుంచి చివరి దాకా రాయి. ఒక్క ముక్క కూడా వదలవద్దు.

"మొదలంటే ఎక్కడి నుంచి అత్తయ్యా?" అని అడిగింది. అది కాపరానికి వచ్చిన రోజు నుంచి అన్నాను. కోడలు కలానికి మూత పెట్టేసింది. పొయ్యి మీద పాలు ఉన్నాయట. సరే, ఈ ఎండాకాలం నుంచే మొదలుపెడదాం, కూర్చో అన్నాను.

మాది పరుపుల కొట్టు. దూది ఏకి, గుడ్డసంచిలో నింపి, దబ్బనంతో కుట్టి ఇస్తాం. అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టారు. ఇద్దరూ పోయాక వాళ్ళ పెళ్ళాలం మేమిద్దరం నడుపుతున్నాం. నేను పెద్దదాన్ని, అది చిన్నది. జుట్టు నాకంటే తెల్లబడినా చిన్నది చిన్నదే.

అలాంటి చిన్నది నాతో మాటమాత్రం చెప్పకుండా ఫోమ్ పరుపుల కంపెనీ వాళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఇక మీదట మా కొట్టులో వాళ్ళ పరుపులే అమ్మాలట. ఆ కప్పు కింద ఎవరూ దూది ముట్టుకోకూడదట. నా ఏకే విల్లు, నా కుట్టుబల్లలు బయటికి పోవాలట. ఈ సంగతి చిన్నదాని నోటి నుంచి కూడా రాలేదు. కంపెనీ మేనేజరు నవ్వుతూ వచ్చి చెప్పాడు. ఆ మనిషి చావింటికి వెళ్ళినా అలాగే నవ్వుతాడనుకుంటాను.

దూది లేకపోతే నేను పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలి? ఈ ఒక్క ప్రశ్నకు చిన్నది జవాబు చెప్పాలి. నన్ను చూసి చెప్పకపోతే జడ్జీగారిని చూసి చెబుతుంది. లాయరును పెట్టుకుంటున్నాను.

రాసింది చదివి వినిపించమన్నాను. నేను తిట్టిన తిట్లు ఒక్కటీ లేవు.

"లాయరుకు చూపించేది కదా అత్తయ్యా, మర్యాదగా ఉండాలని..."

తిట్లు తీసేస్తే నా కేసులో ఇంకేం మిగిలింది? ఇది లాయరుకు వద్దు, నాకే ఉండనీ. రోజూ నేను చెబుతాను, నువ్వు రాయి, పడుకునే ముందు చదివి వినిపించు. లాయరుకు నోటితోనే చెప్పుకుంటాను. నా నోటికేం తక్కువ?

మంగళవారం

ఊళ్ళోకల్లా పెద్ద లాయరు దగ్గరికి వెళ్ళాం. గోడలన్నీ అద్దాలే. ఆయన కూర్చునే కుర్చీ తల దాటి ఇంత ఎత్తుంది, మెత్తటి తోలు, మూలమూలలా కుచ్చులు. మనల్ని కూర్చోబెట్టేది మాత్రం ఇనుపబల్ల. నడుం ఆనించడానికి చెక్కముక్క కూడా లేదు.

ఆయన లోపలికి పిలిచే లోపే లేచి వచ్చేశాను.

"ఏమైంది అత్తయ్యా?"

"వచ్చినవాళ్ళ నడుం సంగతి పట్టనివాడికి నా కేసు సంగతి ఏం పడుతుంది?"

ఇంటికొచ్చాక కోడలు, "లాయర్లను అలా చూడరు అత్తయ్యా, ఎన్ని కేసులు గెలిచారో చూస్తారు" అంది. చూసేవాళ్ళు చూడనీ. నేను పరుపులు కుట్టే దాన్ని, నాకు తెలిసిందే నేను చూస్తాను.

బుధవారం

కొట్టులో చిన్నదీ నేనూ మాట్లాడుకోవడం లేదు. మధ్యలో దిండ్లు పేర్చి గోడ కట్టాను. అటు దాని వైపు, ఇటు నా వైపు. కత్తెర అటు వైపు ఉండిపోయింది. కోడల్ని పంపాను.

"చిన్నత్తయ్యా, కత్తెర కావాలట."

"ఎవరికట?"

"అత్తయ్యకి."

"ఏ అత్తయ్యకి? పేరు చెప్పి అడగమను."

కత్తెర లేకుండానే పని చేసుకున్నాను. దారం పంటితో తెంపాను. ఉన్న పళ్ళతోనే.

గోడకు అవతల దగ్గు. నాకు వినబడాలనే దగ్గుతోంది.

గురువారం

రెండో లాయరు దగ్గర సోఫా ఉంది. కూర్చున్నాను. కూర్చుంటూనే ఉన్నాను, అడుగు తగలదు, లోపలికి పోతూనే ఉంది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. లోపలంతా ఫోమే. చేత్తో నొక్కి చూశాను. థూ.

ఆ లాయరు మహా మంచి మనిషి. నేను ఏమన్నా "నిజమేనమ్మా" అన్నాడు. చిన్నది దొంగ అన్నాను, నిజమేనమ్మా అన్నాడు. చిన్నది అలాంటిది కాదు, ఆ మేనేజరు మాటల్లో పడింది అన్నాను, అదీ నిజమేనమ్మా అన్నాడు. అలాంటివాడు అవతలివాళ్ళు వచ్చినా నిజమేనమ్మా అంటాడు.

సోఫాలోంచి నన్ను కోడలూ, గుమాస్తా చెరో చెయ్యి పట్టుకుని లాగారు.

తీరా బయటికి వచ్చాక కోడలు, "ఆయన ఫోన్ మాట్లాడుతున్నంతసేపూ మీరు గుర్రు పెట్టారు అత్తయ్యా" అంది. అబద్ధం. కళ్ళు మూసుకున్నాను, అంతే. ఫోమ్ మీద మనిషన్నవాడికి నిద్ర పట్టదు.

శుక్రవారం

ఒక పరుపు ఇవ్వాల్సి ఉంది. కొత్తగా పెళ్ళైన జంటకు.

పరుపు కుట్టడం ఇద్దరి పని. రెండు బల్లలు ఎడంగా వేసి వాటి మీద అడ్డంగా పరుపు పరుస్తాం. నేను పై నుంచి దబ్బనం దింపుతాను. కింద పీట మీద కూర్చున్న చిన్నది దాన్ని అందుకుని, నాలుగు వేళ్ళ ఎడంలో మళ్ళీ పైకి పంపుతుంది. నేను దానికి కనబడను, అది నాకు కనబడదు. అయినా ఏ రోజూ దబ్బనం దారి తప్పలేదు.

ఇవాళ కోడల్ని కింద కూర్చోబెట్టాను. మొదటి దబ్బనం పరుపు పక్క నుంచి వచ్చింది. రెండోది నా మోచేతికి వచ్చింది. మూడోది రాలేదు. వంగి చూస్తే కోడలు వేలు నోట్లో పెట్టుకుని కూర్చుంది.

దిండ్ల అవతల నవ్వు వినబడింది. నవ్వు మధ్యలో దగ్గు. దగ్గు చాలాసేపు ఆగలేదు.

కుట్టలేదు. ఆ జంట ఇంకో రెండు రోజులు చాప మీద పడుకుంటారు. కొత్త కాపరం, వాళ్ళకేం తెలుస్తుంది.

శనివారం

లాయరు దొరికింది.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఒక గది. మెట్లు నిటారుగా ఉన్నాయి. గదిలో ఒక బల్ల, ఒక బీరువా, వచ్చినవాళ్ళకు నాలుగు చెక్క కుర్చీలు. కుర్చీల మీద దూది దిండ్లు. ఒక దానిమీద కూర్చోబోయి ఆగాను. తిరగేసి చూశాను. అంచు కుట్టు నాది. మూల ముడి చిన్నదానిది. చిన్నదానిది ఎడమచేతి వాటం, అది వేసే ముడి ఎదురు తిరిగి ఉంటుంది. లోకంలో ఇంకెవరూ అలా వెయ్యరు.

లాయరు ఆడమనిషి. చిన్న గొంతు. చెవి ఒగ్గి వింటేనే గానీ వినబడదు.

"ఈ దిండ్లు ఎక్కడివమ్మా?"

"మా అమ్మ కుట్టించింది. ఆవిడ పోయినా ఇవి ఉన్నాయి."

"ఉండ కట్టలేదే."

"ఏటేటా ఎండలో వేస్తాను."

"అయితే నువ్వే నా లాయరువి" అన్నాను.

లాయరమ్మ నవ్వింది. "దిండు చూసి లాయరును కుదుర్చుకుంటారా" అంటూ నవ్వు ఆపుకోలేకపోయింది. ఇందులో అంత నవ్వేందుకేముందో నాకు అర్థం కాలేదు. వెంటనే సర్దుకుని, "కేసు ఎవరి మీదమ్మా?" అంది. చెప్పాను. కొట్టు ఎక్కడో చెప్పాను, తోటికోడలు పేరు చెప్పాను, ఫోమ్ కంపెనీ అన్నాను.

కలం ఆగిపోయింది.

"అమ్మా, ఇక్కడితో ఆపండి. ఇక నాకు ఒక్క మాట కూడా చెప్పకండి."

నా జన్మలో నన్ను మాట్లాడవద్దన్న మనిషి ఈవిడే. మా ఆయన కూడా అనలేదు.

"ఎందుకని?"

"ఆవిడ మీద మీ కేసు నేను పట్టలేను. ఎందుకని అడగవద్దు, చెప్పకూడదు. ఒక్కటి మాత్రం చెబుతాను. ఎవరి దగ్గరికైనా వెళ్ళే ముందు ఇంటికెళ్ళి మీ తోటికోడలితో మాట్లాడండి."

మాట్లాడేదాన్నే అయితే నీ దాకా ఎందుకు వస్తాను తల్లీ అని మెట్లు దిగి వచ్చేశాను.

అర్థమైంది. కంపెనీ వాళ్ళు ఈవిణ్ణి ముందే కొనేశారు. అంత మంచి దిండ్ల మీద కూర్చోబెట్టి ఎంత పని చేసింది.

ఆదివారం

కొట్టుకు సెలవు. ఏమీ జరగలేదు. మా వాడు, "అమ్మా, పిన్నిని భోజనానికి పిలవనా?" అన్నాడు. వద్దన్నాను. పిలిచినా రాదన్నాను. పిలిచాడో లేదో అడగలేదు. కంచం మాత్రం ఒకటి ఎక్కువ పెట్టాను, అలవాటు కొద్దీ.

సోమవారం

లాయరు లేకపోతే మానె, కాగితం ఉంది కదా. అన్నదమ్ములు పోయాక మా ఇద్దరి పేర్లా రాయించిన భాగస్వామ్యం కాగితం. రాయించింది చిన్నదాని తమ్ముడు. తీసుకొచ్చి చదివి వినిపించింది మాత్రం మా అన్నయ్య. పెట్టె అడుగు నుంచి తీయించి, "పెద్దదాని మాటే చెల్లుతుంది అన్న చోటు చదువు" అన్నాను కోడలితో.

కోడలు అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"అలా ఎక్కడా లేదు అత్తయ్యా. ఏ ఒప్పందమైనా ఇద్దరూ సంతకం పెడితేనే చెల్లుతుంది అని ఉంది."

"సరిగ్గా చూడు. ఆ ముక్క ఎలుకలు కొట్టేసి ఉంటాయి."

"కాగితానికి చిల్లు లేదు అత్తయ్యా."

మా అన్నయ్య నాకు వేలు పెట్టి చూపించాడు, ఇదిగో ఇక్కడే, పెద్దదాని మాటే చెల్లుతుంది అని. ఇన్నేళ్ళూ ఆ మాట మీదే కొట్టు నడిపాను. చిన్నదానికి నేను ఆ మాట చెప్పని వారం లేదు. ఎప్పుడూ తల ఊపేది.

"చిన్నత్తయ్యకు చదువు వచ్చు కదా" అని కోడలు మెల్లిగా అంది.

వస్తే?

పో, వెళ్ళి పని చూసుకో అన్నాను. ఇది రాయవద్దు అన్నాను. రాసేసింది.

బుధవారం

నిన్న రాయించడానికి ఓపిక లేకపోయింది. నిన్నటిది ఇవాళ చెబుతున్నాను.

మేనేజరు వ్యాను వేసుకుని వచ్చాడు, ఇద్దరు మనుషులతో. ఒకడు గోడలు కొలుస్తున్నాడు, ఇంకొకడు నా బల్ల కాలు పట్టుకున్నాడు. నేను బల్ల ఎక్కి కూర్చున్నాను.

"దిగండి మామ్మగారూ, పడతారు" అన్నాడు మేనేజరు నవ్వుతూ.

"నేను దిగను. బల్లతో పాటు నన్నూ ఎత్తుకుపో. మీ కంపెనీలో పెట్టుకో. మూడు పూటలా భోజనం, ఒంట్లో బాగా లేకపోతే మందులు మీవే."

బల్ల కాలు పట్టుకున్నవాడు చెయ్యి తీసేశాడు.

"మామ్మగారూ, మీ చెల్లెలుగారు సంతకం పెట్టారు. ఇందులో మాదేమీ లేదు."

నేను నోరు తెరిచే లోపు దిండ్ల గోడ కదిలింది. పై వరస కూలింది. అవతల చిన్నది నిలబడి ఉంది, ముక్కుకు గుడ్డ కట్టుకుని.

"ఆ బల్ల జోలికి వెళ్ళావంటే ఊరుకోను. మా లాయరమ్మ పంపిన నోటీసు అందలేదా నీకు?"

"అందింది. అది మా ఆఫీసులో చూస్తున్నారు..."

"చూడటం అయ్యాక రా. ఇప్పుడు వ్యాను ఎక్కు."

ఎక్కాడు. నవ్వుతూనే ఎక్కాడు.

నేను బల్ల మీద, అది కింద. అప్పుడు మాట్లాడాను. పోట్లాట మొదలయ్యాక అదే మొదటి మాట.

"నీకు లాయరెక్కడిది?"

"సైకిళ్ళ కొట్టు పైన."

"ఆవిడే ఎందుకు?"

"కుర్చీల మీద మన కుట్టు ఉంది కదా అక్కా."

బల్ల మీద నుంచి దిగడానికి చెయ్యి ఇమ్మన్నాను. ఇచ్చింది.

గురువారం

ఇద్దరం కలిసి ఆ మెట్లు ఎక్కాం. నేను రెండు చోట్ల ఆగాను, అది నాలుగు చోట్ల ఆగింది.

లాయరమ్మ మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచింది. "ఇద్దరికీ అభ్యంతరం లేకపోతే ఇప్పుడు మాట్లాడొచ్చు" అంది. నా కంటే ముందే చిన్నది వచ్చిందట, ఆ ఒప్పందం రద్దు చేయించమని. ఒకరి మాట ఇంకొకరికి చెప్పడం లాయర్లకు తగదు కాబట్టి నన్ను పంపేసిందట.

"మీరు ఒకరి మీద ఒకరు కేసు వేయాల్సిన పనే లేదమ్మా. మీరిద్దరూ ఒకే వైపు ఉన్నారు. అవతల కంపెనీ ఉంది."

"మరి ముందు సంతకం ఎందుకు పెట్టావు?" అని చిన్నదాన్ని నిలదీశాను.

"పై కాగితం చదివాను. నా వైపు గోడకు ఫోమ్ పరుపులు పెట్టుకోవచ్చని ఉంది. మిగతావన్నీ అదే సంగతి అనుకున్నాను. దూది మొత్తానికే పోవాలని మూడో కాగితంలో ఉందని మేనేజరు బల్లలు అడిగే దాకా తెలియదు."

"ఫోమ్ నీకెందుకసలు?"

లాయరమ్మ మంచినీళ్ళు పోసి ఇచ్చింది. చిన్నది తాగి, గ్లాసు వైపు చూస్తూ చెప్పింది.

"దూది దుమ్ము పడదన్నాడు డాక్టరు."

"నాతో చెప్పి చావలేకపోయావా?"

"చెబితే నువ్వు ఆ రోజే విల్లు ఎత్తి అటక మీద పడేస్తావు. దూది లేకుండా ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు? నన్ను కాల్చుకు తింటావు."

లాయరమ్మ ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకుంది.

వచ్చేటప్పుడు మెట్ల మీద అడిగాను, ఆ కాగితంలో పెద్దదాని మాటే చెల్లుతుందని లేదని నీకు తెలుసా అని.

"తెలుసు. నాకు చదవడం వచ్చుగా."

"మరి ఇన్నేళ్ళూ?"

"మీ అన్నయ్య వచ్చి బతిమాలాడు. ఆ ఒక్క మాట ఉందనుకోనీ అమ్మా, లేకపోతే అది పడుకోదు, మమ్మల్ని పడుకోనివ్వదు అన్నాడు."

మా అన్నయ్య ఇప్పుడు ఉంటే చెప్పేదాన్ని.

శుక్రవారం

దగ్గు నాటకం అని ఇదివరకు ఎక్కడో చెప్పాను. కోడలు వెతికి చూపించింది. కొట్టెయ్యనా అని అడిగింది. ఉండనీ అన్నాను. కాసేపయ్యాక కొట్టెయ్యి అన్నాను. అందులో "నాటకం" అనే మాటే లేదట, వినబడాలని దగ్గుతోంది అని ఉందట. అదే కొట్టెయ్యి. ఆ పేజీ ఎక్కడుందో దొరకడం లేదంది. ఎక్కడికి పోతుంది, ఇందాకే చూపించావుగా.

మంగళవారం

లాయరమ్మ గదిలో కంపెనీ వాళ్ళతో కూర్చోవాలి. లాయరమ్మ నిన్ననే చెప్పి పంపింది, పెద్దావిడ ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, మాట్లాడితే పని చెడుతుందని. నేను మాట్లాడకుండా ఎలా కూర్చుంటానని మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. ఉపాయం కోడలిదే. కుట్టేటప్పుడు నేను పురికొస చివర పళ్ళ మధ్య పెట్టుకుంటాను. అప్పుడు నా నోట మాట రాదు. అదే పట్టుకుని వెళ్ళాను.

మేనేజరు వచ్చాడు, వాళ్ళ లాయరు వచ్చాడు. ఆయన గొంతు మెట్ల కింద సైకిళ్ళ వాళ్ళకు కూడా వినబడి ఉంటుంది. భాగస్తుల్లో ఒకరు సంతకం పెడితే కొట్టు మొత్తం పెట్టినట్టే అన్నాడు. నేను పురికొస గట్టిగా కొరికాను.

మా లాయరమ్మ ఆ చిన్న గొంతుతోనే అంది, "మీ ఒప్పందానికి వెనక మీరే ఒక కాగితం జతచేశారు. వీళ్ళ భాగస్వామ్యం కాగితం. ఇద్దరూ సంతకం పెట్టాలని అందులో ఉంది. అందుకే మీరు కూడా చివర రెండు గీతలు గీశారు. ఒక గీత మీద చిన్నావిడ సంతకం ఉంది. రెండో గీత ఖాళీగా ఉంది. ఆ గీత ఎవరి కోసం గీశారో కొంచెం చెబుతారా?"

వాళ్ళ లాయరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు, "పెద్దావిడ చేత తర్వాత వేలిముద్ర వేయిద్దామని..." అన్నాడు.

అప్పుడు మొదటిసారి ఆ మనిషి నవ్వు ఆగింది. నవ్వకపోతే బాగానే ఉంటాడు.

వాళ్ళు బయటికి వెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. ఒప్పందం వదులుకుంటామని రాసి ఇస్తారట. ఇక మీద మా బల్లల ఊసు ఎత్తరట. నేను పురికొస తీశాను. రెండు ముక్కలైంది.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని అడిగాను.

"ఇప్పుడు మాట్లాడండమ్మా" అంది లాయరమ్మ.

తీరా చూస్తే చెప్పడానికేమీ దొరకలేదు. అందుకని మేనేజరుతో, చిన్నదాని వైపు ఒక మంచం జాగా ఇస్తాం, కావలిస్తే నాలుగు ఫోమ్ పరుపులు పెట్టుకో, కొత్త కాగితం మా లాయరమ్మే రాస్తుంది, ప్రతి పేజీ నాకు చదివి వినిపించాలి, మూడో పేజీ రెండుసార్లు అన్నాను. చిన్నది నా వంక చూసింది. చూస్తే చూడనీ.

గురువారం

కొత్త కాగితం అయింది. నా వేలిముద్ర, పక్కన చిన్నదాని సంతకం. నాదే ముందు.

శనివారం

దిండ్ల గోడ తీసేశాం. ఏకే పని వెనక షెడ్డులోకి మార్చాను. ఏకడానికి మనిషిని కుదిర్చాను, తలుపు వేసుకుని ఏకమన్నాను. ఏకిన దూది అక్కడే సంచుల్లో నింపి, మూతి కట్టాకే ముందుకు తేవాలి. ముందు కొట్టులో కుట్టు మాత్రమే.

ఎందుకు మార్చానని కోడలు అడిగింది. షెడ్డులో వెలుతురు బాగుంటుంది. దూది పనికి వెలుతురు కావాలి. ఇంకే కారణమూ లేదు, అలాగే రాయి అన్నాను.

మధ్యాహ్నం చిన్నది బేరానికి వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంటే, ఆ ఫోమ్ పరుపు ఎంత పనికిరానిదో చూద్దామని దాని మీద ఒరిగాను. లేచేసరికి దీపాలు పెట్టారు. ఎవరో దుప్పటి కప్పారు. కళ్ళు మూసుకున్నాను, అంతే.

ఆ కొత్త జంట పరుపు ఇంకా అలాగే ఉంది. బల్లల మీద పరిచాం. చిన్నది పీట లాక్కుని కింద కూర్చుంది. నేను దబ్బనం దింపాను.

"అక్కా" అంది కింద నుంచి.

"ఏంటే?"

"షెడ్డుకు కిటికీ లేదు కదా. వెలుతురెక్కడిది?"

"నోరు మూసుకుని దబ్బనం పంపు" అన్నాను.

పంపింది. నాలుగు వేళ్ళ ఎడంలో, ఎక్కడ రావాలో అక్కడికే వచ్చింది.